తరుగు

బాదేపల్లి మార్కెట్ యార్డుల
ఇరవై రొండేండ్ల సంది కాంటా గుమాస్తాను.
బస్తా ఎక్కుతది, ఎర్రంకెలు ఊగి ఊగి నిలబడ్తయి,
నేను రాస్త.
క్వింటాలుకు రొండు కిలోలు తరుగు.
తేమకింత, తాలుకింత, మన్నుకింత,
ఇంకా దేనికో నాకు గూడ తెల్వదు గని
రాస్త.

ఒక పగటీలి ఎవ్వరూ లేంది చూసి
నేనే ఎక్కిన.
తొంభై నాలుగు పాయింట్ మూడు.
చెప్పులిడిసి ఎక్కినా గంతే.

షుగరు దవాఖాన్ల పిల్ల డాక్టరమ్మ
నా ఫోన్ల ఒక యాప్ ఎక్కిచ్చింది.
ముందుగాల పదిహేను వందలు కట్టాలె.
దినాం పదివేల అడుగులేస్తే నలభై రూపాలు.
నెలకు రొండు కిలోలు దిగితే కట్టినయి వాపసు,
మీదికెళ్లి ఇంకో అయిదొందలు.
దిగకుంటే గోవిందా.
నాకు నవ్వొచ్చింది.
తరుగు కోసుకునే సేట్లను చూసిన గని
తరుగుకు పైసలిచ్చే సేటును
ఎన్నడు చూసిన!

మొదటి వారం నడిసిన.
రైల్వే టేషన్ దాంక పోయి మర్లొచ్చేసరికి
మోకాళ్లు రొండూ నా మీద కేసు పెట్టినయి.
"శభాష్ ఆశన్న గారూ!" అన్నది ఫోను.
ఇంట్ల నన్ను గారూ అన్నోళ్లు లేరు.

రొండో వారం పల్లికాయ దిగింది.
కుర్చీల నుంచి లేవనీకె తీరలే.
మన్యెమ్మ కనబడ్డది,
కుప్పల నడుమ చీపురు, చాట పట్టుకోని.
రాలిన కాయ ఊడుస్తది, చెరుగుతది,
ఇటు పోస్తది, అటు ఉరుకుతది,
మల్ల ఊడుస్తది.
"ఏం లేదు మన్యెమ్మా,
జర దీన్ని కొంగుకు ముడేసుకో.
పొద్దుగూకినంక ఇయ్యి."
అరచేతుల ఎగరేసి చూసింది.
"బరువేం లేదు గద" అన్నది.

ఆనాడు ఇరవై మూడు వేల అడుగులు.
తెర మీద తారాజువ్వలు లేచినయి.
నలభై రూపాలు టంగుమని నా ఖాతల పడ్డయి.
గట్ల పదహారు దినాలు.
జిల్లా మొత్తంల ఏడో నెంబరు నడకగాన్ని నేను,
కుర్చీల కూసోని.

నెల నిండినాడు
కాంటా మీద నిలబడ్డ ఫొటో పంపాలె.
తియ్యమని ఫోను మన్యెమ్మ చేతికే ఇచ్చిన.
తొంభై అయిదు పాయింట్ ఒకటి.
ఆమె అంకెల దిక్కు చూసింది,
నా దిక్కు చూసింది,
చీపురు పక్కకు వెట్టింది.
"నన్ను గూడ జోకు సారూ."

ముప్పై ఏడు.

"కుర్మూర్తి జాతరప్పుడు నలభై ఉంటి.
నాది గూడ రాస్తవా, తరుగు?"
నవ్వుకుంటనే అన్నది.
హమాలీలు నవ్విండ్రు.
నేను గూడ నవ్విన, ముందు.

జమైన తొమ్మిదొందల ఇరవై తీసిస్తే
ఎందుకన్నది.
చెప్పిన, సగంల ఆపింది.
"నడిసినందుకా?
ఉత్తగ నడిసినందుకు గూడ ఇస్తరా?"
ఏండ్లు మడిసి లెక్క చేస్కోని
ఆరొందల నలభై తీస్కున్నది.
రొండొందల ఎనభై బల్ల మీద పెట్టింది.
"మొదటి వారం నువ్వే నడిస్తివి గద."

కట్టిన పదిహేను వందలు పోయినయి.
"ఈ నెల మీరు గెలవలేదు, దిగులు పడకండి"
అన్నది ఫోను.

మర్నాడు తిమ్మాజిపేట రైతు
ముప్పై బస్తాలు దించిండు.
తక్‌పట్టీల తరుగు గడి కాడ
పెన్ను జర సేపు ఆగింది.
రాసిన.
రాయకుంటే సేటు ఊకుంటడా.

రాత్రి ఫోను కవరు ఊడదీస్తే
అండ్ల రొండు పల్లిగింజలు.
"ఈరోజు ఏం తిన్నారు?"
తెర అడుగుతనే ఉన్నది,
కింద గడి ఖాళీగ.
గింజలు నోట్లె ఏసుకున్న.
పండ్ల కింద
మన్ను కరకరమన్నది.